మేనకోడలి పేరు లేని జాబితా

కింది స్థాయి లీగులో ఆడే ఓ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో అమ్మాయిల జూనియర్ జట్టుకు అతనే కోచ్. ఈ ఏడాది సీనియర్ జట్టుకు పంపే అమ్మాయిల జాబితాలో సొంత మేనకోడలి పేరు రాయలేకపోయాడు. ఆటంటే ప్రాణమే గానీ, ఆ పిల్లకు పరుగు చాలదు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక అక్క గుమ్మం ముందు చాలాసేపు తచ్చాడాడు.

మేనకోడలే తలుపు తీసింది. "రా మామయ్యా. జాబితా చూశాను."

"కోపంగా ఉందా?"

"పొద్దున ఏడ్చాను. కానీ నా పేరు రాసుంటే, నువ్వు మెచ్చుకున్నప్పుడల్లా అనుమానమే వచ్చేది."

అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

వంటింట్లోంచి అక్క గొంతు వినబడింది. "తిట్లు తర్వాత పెడతాను గానీ, ముందు వాడికి కంచం పెట్టవే."