లక్ష్మప్ప ఎత్తిన చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా హెడ్మాస్టరుకు బాగా తెలుసు. అయినా ఆ సాయంత్రం గ్రామసభకు నన్నే పంపించారు. వానలు రావాలని మొక్కుకుని ఊరివాళ్లు మంగళవారం ఊరు విడవాలనుకున్నారు. అంటే పొద్దు పొడవకముందే ఇళ్లకు తాళాలేసి, పిల్లాజెల్లా గొడ్డూగోదాతో పొలాలకు పోయి, అక్కడే వండుకు తిని, పొద్దుగూకాక తిరిగి రావడం. ఆ ఒక్క పగలూ ఊళ్లో పొయ్యి వెలగకూడదు, మనిషన్నవాడు ఉండకూడదు. బడికీ సెలవివ్వాలి కాబట్టి మా తరఫున ఒకరు రమ్మన్నారు.

ఆదోని నుంచి ఆలూరు, అక్కడి నుంచి షేర్ ఆటోలో రోజూ ఆ ఊరికి పోయి సోషల్ చెబుతాను. ఆ పొద్దున పదో తరగతికి రాజ్యాంగం పాఠం. ప్రతిదానికీ నేరుగా జనాన్నే ఓటడగకుండా మధ్యలో ప్రతినిధుల్ని, కోర్టుల్ని, హక్కుల్ని ఎందుకు పెట్టారు? గుంపు తొందరపడుతుంది, తక్కువమంది నలిగిపోతారు, రాసినవాళ్ల భయం అదీ అన్నాను. "జనమే రాజులంటారు, మళ్లా జనాన్నే నమ్మరా మేడం?" అని ఒక పిల్ల అడిగింది. నమ్మకపోవడం కాదే అని మొదలుపెట్టాను. గంట కొట్టి నన్ను కాపాడారు.

సభలో సెలవు సంగతి రెండు మాటల్లో తేలిపోయింది. చిక్కంతా బడి పక్కింటి లక్ష్మప్ప భార్య తాయమ్మ దగ్గర వచ్చింది. జారిపడి తుంటి విరిగితే ఆదోనిలో ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. ఎముక అతికేలోగా మళ్లీ కదిలిస్తే ఇంక లేచి నడవలేదని డాక్టర్ గట్టిగా చెప్పి పంపాడు. ఆమెను ఇంట్లో ఉండనివ్వాలా, మంచంతో సహా మోసుకుపోవాలా? ఒక్కరు మిగిలినా మొక్కు చెల్లదన్నాడు పెద్దాయన మద్దయ్య. వీళ్లంతా చెడ్డవాళ్లేం కారు. పత్తి, వేరుశనగ కళ్లముందే ఎండిపోయి కడుపు మండినవాళ్లు.

సర్పంచ్ లోకేష్ నా దగ్గర చదువుకున్నవాడే. గ్రామసభలో జనం మాటే మాటని మేడమే చెప్పినారంటూ నావైపు చూసి నవ్వి, మోసుకుపోదామనేవాళ్లు చేతులెత్తమన్నాడు. జొన్నచేనులో కంకుల్లా లేచాయి చేతులు.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"చేతులు లెక్కపెట్టడానికే అయితే నువ్వెందుకు లోకేష్? ఊరు తొందరపడ్డ రోజున ఒక్కడైనా ఆగి ఆలోచిస్తాడనే కదా నిన్ను ఎన్నుకున్నది? ఆమె కాళ్ల మీద ఊరు ఓటేయడమేంటి?"

లోకేష్ మొహం మాడిపోయింది. ఆమె మొగుడే ఒప్పుకున్నాడు, చూడండన్నాడు.

చూశాను. వెనక వరసలో లక్ష్మప్ప. అతని చెయ్యీ పైకే ఉంది. రోజూ తాయమ్మకు ముద్ద కలిపి పెట్టే చెయ్యి అది. నాకు దుఃఖం వచ్చింది. నీ మనసులో మాటేనా అని అడిగాను.

"డాక్టరు సెప్పింది నేనూ ఇన్నాను మేడం," అన్నాడు చెయ్యి దించకుండానే. "ఊరంతా ఎత్తినాక నేనొక్కన్నే ఎత్తకపోతే రేపు యాడ బతకల్ల? వాన రాకుంటే మా ఇంటి వల్లనే రాలేదంటారు."

పాఠంలో నేను చెప్పింది సగమేనని అప్పుడు తెలిసింది. చెయ్యి ఎత్తక తప్పని మనిషి కూడా ఆ లెక్కలో ఉంటాడు. రాజ్యాంగం రాసినవాళ్లు అతని కోసమూ రాశారు.

లోకేష్ లక్ష్మప్ప ఎత్తిన చేతివైపు చూశాడు. తర్వాత లేచాడు.

"ఇది సేతులతో తేలేది కాదప్పా. తాయమ్మ ఇంట్లోనే ఉంటాది, లక్ష్మప్ప తోడుంటాడు. వాన రాకుంటే నన్ను తిట్టండి."

వచ్చేసారి నీకు మా ఓట్లు లేవన్నాడు మద్దయ్య. వద్దులే సిన్నాయనా అన్నాడు లోకేష్.

గొణుక్కుంటూనే ఒక్కొక్కరూ చేతులు దించారు. లక్ష్మప్ప మాత్రం దించలేదు. మద్దయ్యను ఒకసారి, లోకేష్‌ను ఒకసారి చూశాడు.

"ఇంక దింపుకోవచ్చా అప్పా?" అని అడిగాడు.