ఆశమ్మ అన్నం తిన్న చోటు

ఆశమ్మ ఒక్క షరతు మీద పనికి వచ్చింది. "నేను మీ అమ్మనని సారుకు చెప్పకు. కూలిదాని బిడ్డకా పనిచ్చింది అనుకుంటడు. నేను నిన్ను మేడం అనే పిలుస్త."

చంద్రిక మూతి ముడుచుకుంది. తల్లి వింటే కదా!

చంద్రిక సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. నారాయణగూడలో ఒక సోలార్ దుకాణంలో మూడేళ్లు పనిచేసి, అందరి చేతా తిట్లు తిని, పని మాత్రం అందరికన్నా బాగా నేర్చుకుంది. ఇప్పుడు శ్రీపతిగారు ఆమెను నమ్మారు. చిక్కడపల్లిలో తమ కిరాయింటి మీదున్న ఎనిమిది ప్యానెళ్లను విప్పి, అశోక్‌నగర్‌లో కొత్తగా కొన్న ఇంటి మిద్దె మీద బిగించాలి. ఆడపిల్లకెందుకు ఇచ్చావని చుట్టాలు ఆయన్ని ముందే సతాయించారు. ఇందులో తేడా వస్తే చంద్రికను మళ్లీ ఎవరు పిలుస్తారు?

మోయడానికి తల్లిని మించిన మనిషి దొరకదని చంద్రికకు తెలుసు. ఆశమ్మ పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఈ పట్నంలో ఇటుకలూ ఇసుకా మోస్తోంది. చిక్కడపల్లి ఇంటి ఇరుకు మెట్ల మీద ప్యానెల్‌ను నిలువుగా పట్టుకుని, చంటిపిల్లను దించినట్టు దించింది. ఎనిమిదింటిలో ఒక్కదానికి గీత పడితే ఒట్టు. "కిరాయింటికి సోలారా" అని అప్పట్లో నవ్విన ఇంటి ఓనరు, ట్రాలీ ఆటో సందు మలుపు తిరిగే దాకా గేటు దగ్గరే నిలబడి చూశాడు.

"మేడం, ఈడ పెట్టాల్నా?" అని ఆశమ్మ అడిగినప్పుడల్లా చంద్రిక చెవులు ఎర్రబడ్డాయి. ఆశమ్మకేమో లోపల పండగే. మేడం తన కడుపున పుట్టిందాయె, ఇంకేం కావాలి?

అశోక్‌నగర్ ఇంటి మెట్లెక్కుతూనే ఆమె అడుగు ఆగింది. ఈ మెట్లు తనకు తెలుసు. రెండేళ్ల కింద ఈ ఇంటికి ఇటుకలు మోసిన వాళ్లలో తనూ ఒకతి.

శ్రీపతిగారు మిద్దె మీద పడమటి సగం చూపించారు. "ఇక్కడ పెట్టమ్మా. తూర్పు దిక్కు మేం కుర్చీలు వేసుకుంటం."

పది గంటలైంది. ఎండ ఫెళ్లున కాస్తోంది. కొలతలకు వచ్చిన రోజూ చంద్రిక ఇదే వేళకు వచ్చింది. సుద్దతో గుర్తులు పెట్టి డ్రిల్లు అందుకుంది. ఒకసారి బొక్క పడిందంటే కొత్త మిద్దెకు అది పడ్డట్టే.

ఆశమ్మ ఆ మూలను గుర్తుపట్టింది. చెబితే, కూలామె సారు ముందే మేడంను తప్పు పట్టినట్టవుతుంది. చెప్పకపోతే బిడ్డ మొదటి పనే పాడవుతుంది. డ్రిల్లు గుర్తు మీద ఆనింది.

"మేడం, జర ఆగు."

ఇద్దరూ తిరిగి చూశారు.

"సార్, ఈ ఇల్లు కట్టినప్పుడు నేను ఈడ్నే కూలి చేసిన. ఒంటిగంటకు అన్నం గిన్నెలు పట్టుకోని అందరం గీ మూలకే వస్తుంటిమి. గా పక్క బిల్డింగు నీడ ఈడికే వస్తది. రెండు కొట్టేసరికి ఇదంతా నీడే."

"ఎండ కళ్ల ముందర కనబడుతుంటే నీడేందమ్మా?" అని శ్రీపతిగారు నవ్వారు.

చంద్రిక నవ్వలేదు. పక్క బిల్డింగును చూసింది, తన సుద్ద గుర్తులను చూసింది. డ్రిల్లు కింద పెట్టేసింది. "తప్పు నాది సార్. మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూడాల్సింది. రెండింటి దాకా ఆగుదాం."

ఆగారు. ఒంటిగంట దాటాక పిట్టగోడ పక్కన సన్నటి నీడ దిగింది. ఒకటిన్నరకు మొదటి గుర్తును మింగింది. రెండింటికి శ్రీపతిగారు నీడలో నిలబడి, తూర్పు వైపు మెరుస్తున్న ఎండను చూస్తున్నారు.

"కుర్చీలు గీడ ఏసుకోండ్రి సార్, సల్లగుంటది. ప్యానెళ్లు అటు పోతయి," అంది ఆశమ్మ.

మర్నాడు రెండింటికి ఎనిమిది ప్యానెళ్లూ నిండు ఎండలో ఉన్నాయి. కింద బ్యాటరీ పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతోంది. శ్రీపతిగారి ముఖం అంతకన్నా వెలిగిపోతోంది. నీడలో నాలుగు కుర్చీలు వేయించారు.

"పని బాగ చేసినవమ్మా. మా తమ్ముడింటికీ నువ్వే రావాలె. అవునుగానీ, ఆ పనామె నీకెక్కడ దొరికింది?"

ఆశమ్మ గబగబా కళ్లతోనే వద్దంది. చంద్రిక చూసి కూడా చూడనట్టే ఊరుకుంది.

"పనామె కాదు సార్. మా అమ్మ. ప్యానెళ్లు బిగించుడు దుకాణంలో నేర్చుకున్న. నిన్నటి నీడ సంగతి మాత్రం మా అమ్మ దగ్గర్నే నేర్చుకున్న."

శ్రీపతిగారు లేచి, తన కుర్చీని ఆశమ్మ వైపు జరిపారు. "కూర్చోండమ్మా. అన్నం వేళ దాటిపోయింది. ఇక్కడే తినండి."

రెండేళ్ల కింద ఇసుక బస్తా మీద కూర్చుని తిన్న మూల అది. ఆశమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, కుర్చీలో నిండుగా కూర్చుని గిన్నె మూత తీసింది. బిడ్డ మళ్లీ ఎండలోకి వెళ్లి చివరి స్క్రూలు బిగిస్తోంది.

"చంద్రీ," అని పిలిచింది, కింద సందులోకి కూడా వినబడేట్టు. "రా బిడ్డా, తిందాం."