ఒకటి రాని పిల్ల

ప్రసన్నకుమారికి కోపం వస్తే ముందు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తుంది. నోరు జారకుండా ఉండటానికి ఆమె చేసుకున్న ఏర్పాటు అది. ఆ సోమవారం పొద్దున అంగన్‌వాడీ గడపలో నిలబడి మధులత చెప్పిన మాట వినగానే కళ్ళజోడు చేతిలోకి వచ్చేసింది.

"టౌన్లో స్కూలుకు తీసకపోతే చేర్చుకోలేదు మేడమ్. పెన్సిళ్ళు ముందర పెట్టి లెక్కపెట్టమంటే ఒకటి కూడా చెప్పలేదంట. రెండు నెల్ల నుంచి నేనూ ఇంట్లో చెప్పిస్తాండా. ఒకటి అనమ్మా, ఒకటి అను అని రోజూ ఇదే పని. నోరే తెరవదు. మా పాప మందమేమో మేడమ్."

ఆమె వెనక, చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని, మూడున్నరేళ్ళ శ్రీవాసవి నిలబడి ఉంది. రెండు పిలకలు, కాటుక బొట్టు, నేలకు అతుక్కుపోయిన చూపు.

"పాపకు చెవులుండాయమ్మా," అంది ప్రసన్నకుమారి, అద్దాలు తుడుస్తూనే. "ఆ మాట మాత్రం ఈ గడప లోపల అనొద్దు."

పెద్దసుబ్బయ్య శెట్టి మనవరాలు అంగన్‌వాడీకి రావడం ఊళ్ళో చిన్న విషయం కాదు. కోడుమూరు రోడ్డు మీద ఆయనది ధాన్యం, విత్తనాల కొట్టు. ఆ ఇంటి పిల్లలు ఎప్పుడూ ఆటోలెక్కి టౌను బడులకే పోయారు. ఆయా గురమ్మకైతే ఆ పూటంతా ఒకటే దిగులు, శెట్ల పిల్ల కోడిగుడ్డు తినదు కదా, ఏం పెట్టాలని. "గుడ్డు తినకపోతే పల్లీ చిక్కీ తింటాది. పాపకు లేని బాధ నీకెందుకే," అని ప్రసన్నకుమారి కసిరింది. కసిరింది గానీ ఆమెకూ లోపల ఏదో గుబులుగానే ఉంది. తన తల్లి జీవమ్మ ఊరందరి చేలల్లో కూలి చేసిన మనిషి. తాను చర్చిలో ఆదివారం బడికి పోయి అక్షరాలు దిద్దుకుంది. ఈ ఇరవయ్యారేళ్ళ ఉద్యోగంలో కొట్టువాళ్ళ ఇంటి నుంచి ఒక బిడ్డ వచ్చి తన చాపమీద కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆ బిడ్డను ఎలాగైనా నెగ్గించాలని ఆమెకు పంతం పుట్టింది.

ప్రసన్నకుమారి చదువు చెప్పే తీరు వేరు. పైనుంచి వచ్చిన ప్లాస్టిక్ బొమ్మలు బీరువాలో భద్రంగా ఉంటాయి, లెక్క చూపించాలి కాబట్టి. చాపమీద మాత్రం చింతగింజలు, సీసా మూతలు, బంకమట్టి, రాలిన వేపాకులు. జొన్నసొప్ప చీల్చి లోపలి బెండును ముక్కలు కోసి ఇస్తే పిల్లలు పొడవైనవి ఒక వైపు, పొట్టివి ఒక వైపు పెడతారు. తర్వాత వాటికే ఈనెపుల్లలు గుచ్చి బండ్లు చేసుకుంటారు. పొడుగు, పొట్టి అనే పాఠం అయిపోయిందని పిల్లలకు తెలియనే తెలియదు. తెలియకపోవడమే మంచిదని ఆమె నమ్మకం.

మొదటి వారం వాసవి అన్నీ చేసింది, మాట మాత్రం లేదు. చింతగింజల్లో పెద్దవి, చిన్నవి ఏరింది. ఎర్ర మూతలు ఎర్ర మూతల్లో వేసింది. మట్టి ఉండలు ఒత్తింది, వేపాకులు అద్ది అచ్చులు తీసింది. రెండో వారం ప్రసన్నకుమారి గింజలు కుప్ప పోసి, "వాసవీ, నాకు రెండు గింజలు ఇస్తావా?" అని అడిగింది. పిల్ల రెండు తెచ్చి అరచేతిలో పెట్టింది. మూడు అంటే మూడు తెచ్చింది. అయిదు అంటే అయిదు.

"ఇప్పుడు ఒకటి తే తల్లీ."

వాసవి కదల్లేదు. కింది పెదవి వణికింది. రెండు తెలిసి ఒకటి తెలియని బిడ్డను ప్రసన్నకుమారి తన సర్వీసులో చూడలేదు. ఆ రోజు ఇంటికి పోతూ దారంతా తనను తానే తిట్టుకుంది, ఇన్నేళ్ళుగా ఏం నేర్చుకున్నానా అని.

నెలాఖరు శనివారం తల్లుల మీటింగు. సూపర్వైజరమ్మ వచ్చి పిల్లల ఎదుగుదల కార్డులు నింపుతుంది. 'పది వరకు లెక్కిస్తుంది', 'మాటలు కలిపి మాట్లాడుతుంది' అన్న గడులు ఖాళీగా ఉంటే కర్నూలు పెద్దాసుపత్రికి పరీక్షలకు రాస్తారు. అందులో తప్పేమీ లేదు. ప్రసన్నకుమారి తానే తమ పక్కింటి లేవి కొడుకును అలా పంపింది. వాడికి చెవి మిషను పెట్టారు, ఇప్పుడు వాడి అల్లరికి ఊరు దద్దరిల్లుతోంది. కానీ ఈ పిల్లకు చెవుల్లో లోపం లేదు, బుద్ధిలో లోపం లేదు. పిల్ల దేనికో జడిసింది. ఆ కాగితం చేతికొస్తే మధులత మనసులో 'మందం' అన్న మాట ఇంక చెరిగిపోదు. తల్లి నమ్మితే బిడ్డా నమ్ముతుంది. అది తలుచుకుంటే ప్రసన్నకుమారికి ముద్ద దిగడం లేదు.

మీటింగు ఇంకా నాలుగు రోజులుందనగా, మంగళవారం, ఆమె ఇసుక ఆట పెట్టింది. వాకిట్లో ఇసుక కుప్ప పోయించి, తాగి పారేసిన నీళ్ళ సీసాలు సగానికి కోసి, అంచులు గుచ్చుకోకుండా కాల్చి, పిల్లలకు తలా ఒకటి ఇచ్చింది. నిండుగా, సగం, ఖాళీ. ఇదీ ఆనాటి పాఠం. పిల్లలు కొంచెంసేపు నింపారు, ఎక్కువసేపు ఒకరి నెత్తిన ఒకరు పోసుకున్నారు.

వాసవి మాత్రం కుప్ప ముందు గొంతుక్కూర్చుంది. గౌను మోకాళ్ళ మధ్యకు దోపుకుంది. సీసా ముక్కను కుప్పలోకి పొడిచి నిండా ఎత్తి, పైన ఎక్కువైన ఇసుకను అరచేత్తో నున్నగా తీసేసి, పక్కనున్న బుట్టలో కుమ్మరించి, గొంతెత్తి అంది:

"లాభం!"

ప్రసన్నకుమారి చేతిలో ఉన్న చీపురు అక్కడే ఆగిపోయింది.

"రెండూ," అంది వాసవి, మళ్ళీ నింపి. "మూడూ... నాలుగూ..."

అచ్చం పెద్దసుబ్బయ్య గొంతు, ఆయన సాగదీసినట్టే సాగదీస్తోంది. విత్తనాల రోజులివి. కాటా ఉన్నా, పాత రైతులు వస్తే ఆయన ఇప్పటికీ పడితోనే కొలుస్తాడు. కొలిచేటప్పుడు మొదటి పడిని ఎవరూ ఒకటి అనరు. లాభం అంటారు. ఒకటి అంటే ఒంటరి మాట, శుభంతో మొదలుపెట్టాలని పెద్దల పట్టింపు. కొట్టు వెనక గోదాములో తాత పక్కన కూర్చుని ఈ పిల్ల నేర్చుకున్న లెక్క అదే. ఆ లెక్కలో ఒకటి లేనే లేదు.

ఆ మాట ప్రసన్నకుమారి విని ఎన్నేళ్ళయిందో. చిన్నప్పుడు కళ్ళంలో కూలి గింజలు కొలిచేటప్పుడు అమ్మ గోనెసంచి నోరు తెరిచి పట్టుకునేది. మొదటి పడి పడగానే కొలిచేవాడు లాభం అని అరిచేవాడు. "మనకేనా అమ్మా లాభం?" అని తాను అడిగింది. "పడి మనదేలేమ్మా, మాట వాళ్ళది," అంది జీవమ్మ. అప్పుడు అర్థం కాలేదు, పెద్దయ్యాక అర్థమై బాధేసింది. ఇప్పుడు అదే మాట ఈ చిట్టి నోట విని నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళూ తడిశాయి.

"అయిదూ... ఆరూ..." వాసవి ఆగింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆరు మీదొకటి," అంది. మళ్ళీ గొంతు లేచింది. "ఎనిమిదీ!"

"నీ లాభం బంగారం గాను!" ప్రసన్నకుమారి ఇసుకలోనే చతికిలబడి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. గురమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది, ఎవరు పడ్డారోనని.

మధ్యాహ్నం పిల్లను తీసుకుపోవడానికి పెద్దసుబ్బయ్య వచ్చాడు. పంచె కట్టు, చంకలో గొడుగు. గడప దాటకుండా ఎప్పుడూ అరుగు మీదే కూర్చుంటాడు.

"శెట్టెప్పా, పాపకు లెక్క నేర్పింది నువ్వేనంట గదా?"

"నేనా? నేనేం నేర్పలేదే టీచరమ్మా. కొట్లో నా కాడ ఆడుకుంటాంటాది, అంతే."

"లాభం, రెండు, మూడు అంటాండాది."

"అది కొలత గదమ్మా," అన్నాడాయన, నిజంగా ఆశ్చర్యపోయి. "లెక్క గాదే!"

ప్రసన్నకుమారికి మళ్ళీ నవ్వొచ్చింది. నలభై ఏళ్ళుగా కొలుస్తున్న మనిషికి కొలతలో లెక్క ఉందని తట్టలేదు. మనవరాలికి కొలత తప్ప వేరే లెక్క తెలియదని కోడలికి తట్టలేదు. బ్యాంకు ఉద్యోగి కూతురైన మధులత ఆ గోదాములోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

"మరి ఏడు ఎందుకు అనదు?"

"కుప్ప కాడ ఏడు అనగూడదమ్మా. ఏడు అంటే ఏడువు అనే గదా! ఇంట్లో ఆడోళ్ళు ఏడుస్తారంటారు. ఆరు మీదొకటి అనల్ల." చెబుతూ చెబుతూ ఆయన గొంతు తగ్గిపోయింది. గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఒకటి అనబోతే నేనే నోరు మూసినానమ్మా. ఒకసారి గట్టిగా కసిరినా కూడా, బేరం కాడ రైతులుండారని. దానికా స్కూల్లో నోరు రాల్యా?"

ఆ ముసలాయన ముఖం చూసి ప్రసన్నకుమారికి జాలేసింది. తాత కసిరిన మాటను అమ్మ రోజూ అనమంటుంటే బిడ్డ ఎవరి మాట వింటుంది? రెండు వైపులా దెబ్బే. అందుకే అసలు నోరే మూసుకుంది.

"నువ్వు కసిరింది పోతాదిలే శెట్టెప్పా. నువ్వు నేర్పిందే పోగూడదు," అంది.

మరునాడు ఆమె మట్టి ముద్ద తెచ్చి ముఖాలు చేయించింది. గుండ్రటి ముఖం, చింతగింజల కళ్ళు, మధ్యలో చిటికెడు మట్టి ముక్కు. వాసవి చేసిన ముఖాన్ని పట్టుకుని ఆమె, "కండ్లు ఎన్ని?" అంది. "రెండు." "ముక్కులు?" పిల్ల నోరు తెరిచి మూసింది.

"ముక్కు కుప్ప పోసి ఉండాదా తల్లీ, కొలిచేకి? ముక్కుతో బేరమేముంది? కుప్ప కాడ లాభం, మీ జేజినాయన చెప్పింది నిజమే. కుప్ప లేని కాడ ఒకటి. ఒకటి అంటే జేజినాయన ఏమీ అనడు, నేను అడిగినాలే ఆయన్ని."

వాసవి తన ముక్కు తడుముకుంది, ప్రసన్నకుమారి ముక్కు తడిమింది. ఆ రోజు మాట రాలేదు. మర్నాడూ రాలేదు. శుక్రవారం కూడా రాలేదు. ప్రసన్నకుమారి తొందరపెట్టలేదు. రాత్రి ప్రార్థనలో మాత్రం దేవుణ్ణి కాస్త తొందరపెట్టింది.

శనివారం చాపమీద తల్లులంతా కూర్చున్నారు. పెద్దసుబ్బయ్య అరుగు మీద. మధులత గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో బిగించుకుని. ఆమెకు ప్రసన్నకుమారి సంగతంతా చెప్పింది, కానీ ఆమె ముఖంలో నమ్మకం లేదు. చెవులారా వినేదాకా ఏ తల్లి నమ్ముతుంది?

సూపర్వైజరమ్మ వాసవిని పిలిచి, చింతగింజలు గుప్పెడు తీసి చాపమీద కుప్పగా పోసింది. "పది లెక్కపెట్టి ఇవ్వు పాపా."

కుప్పే పోయాలా ఈమె! ప్రసన్నకుమారి నోటి దాకా వచ్చిన మాటను ఆపుకోవడానికి కళ్ళజోడు తీసింది.

వాసవి కుప్పను చూసింది. అరుగు మీది తాతను చూసింది. ఒక గింజ తీసి పక్కన పెట్టింది.

"లాభం."

సూపర్వైజరమ్మ పెన్ను ఆగింది. "లాభమేంది?"

"కుప్ప కాడ అట్లే అనల్లమ్మా!" అరుగు మీంచి పెద్దసుబ్బయ్య కేకేశాడు. ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. "అడ్డం రావద్దు, పాపను చెప్పనీ!"

తల్లులంతా గొల్లుమన్నారు. సూపర్వైజరమ్మ కూడా నవ్వి, "మా అవ్వ ఇట్లే కొలుస్తుండె," అంది. వాసవి మాత్రం నవ్వలేదు. పని మధ్యలో ఉన్న మనిషి ఆమె. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరు మీదొకటి. ఎనిమిది, తొమ్మిది, పది. పది గింజలూ వరసగా పెట్టి చేతులు దులుపుకుంది.

"బాగుండాది. మరి ఒకటి తెలుసా పాపా?" అంది సూపర్వైజరమ్మ.

వాసవి మళ్ళీ తాత వైపు చూసింది. ఆయన గడప దాటి లోపలికి వచ్చేశాడు. మనవరాలి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు.

"ఒకటి," అంది వాసవి.

సూపర్వైజరమ్మ గడిలో టిక్కు పెట్టింది. గోడ పక్కన మధులత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఏడుపు ఆగలేదు. రెండు నెలలు బతిమాలినా, కోప్పడినా, దండం పెట్టినా రాని మాట అది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

వాసవి బెదిరిపోయి తల్లి దగ్గరికి పరుగెత్తింది. రెండు చేతులతో ఆమె చెంపలు పట్టుకుంది.

"అమ్మా, నేను ఏడు అనలేదు గదా, ఎందుకు ఏడుస్తాండావు?"