స్తోత్రమ్మ సాక్ష్యం

సాయంత్రం అయిదున్నరకు బ్యాటరీల ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు వదులుతారు. ఆరు కావస్తుండగా ఆమె వీధి మలుపులో కనబడుతుంది. గడపలో కూర్చుని ఎదురుచూస్తున్న ఆరేళ్ల చిట్టి చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, తల్లి నడుముకు రెండు చేతులూ చుట్టి, పొట్టలో ముఖం దాచుకుంటుంది. తల్లి వంగి ఎత్తుకుంటే ఆమె మెడ వంపులో ముక్కు రుద్దుతుంది. తలకు చుట్టుకున్న గుడ్డను లాగి తన తలకు చుట్టుకుంటుంది. "స్తోత్రం ప్రభువా, ఈ రోజు కూడా క్షేమంగా ఇల్లు చేర్చావు" అంటుంది తల్లి. ముందు గదిలో కుట్టుమిషను మీద వంగి ఉన్న తండ్రి తలెత్తకుండానే, "స్తోత్రమ్మగారు దయచేశారు" అంటాడు.

ఈ దృశ్యంలో చెడు ఏముందని చదువరులు అడగవచ్చు. రెండేళ్లపాటు ఆ వీధిలో ఎవరికీ ఏమీ కనబడలేదు. కనబడి ఉంటే ఈ కథ రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

స్తోత్రమ్మ ఆమె అసలు పేరు కాదు. మాటకు ముందొక స్తోత్రం, మాటకు వెనకొక స్తోత్రం పలకడం వల్ల వీధివాళ్లు అలా పిలవసాగారు. కుళాయిలో నీళ్లొస్తే స్తోత్రం, బస్సులో కూర్చోను చోటు దొరికితే స్తోత్రం. పాలు పొంగిపోయిన రోజున కూడా "గిన్నె మాడలేదు కదా, స్తోత్రం" అన్నది. భర్త దర్జీ. ఎవరిదైనా పెళ్లయితే తప్ప చర్చి మెట్లు ఎక్కడు. అయినా భార్య భక్తిని చూసి నవ్వేవాడే గాని ఎన్నడూ అడ్డు చెప్పలేదు.

ఆమెకు ఫ్యాక్టరీలో పని ఇప్పించినవాడు సంఘపెద్ద. అందరూ ఆయన్ను పెద్దన్నయ్య అంటారు. అదే ఫ్యాక్టరీలో పలకల విభాగానికి సూపర్‌వైజరు. చర్చిలో ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం గిన్నెలున్న పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచేది కూడా ఆయనే.

పని కష్టమైనదేం కాదు. సన్నటి సీసపు పలకల మధ్య పల్చటి అట్టముక్క పెట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చాలి. పేర్చేటప్పుడు పలకల నుంచి బూడిదరంగు పొడి రాలుతుంది. చేతులమీద, కనుబొమలమీద, భోజనం డబ్బా మూతమీద పడుతుంది. "ముఖానికి పౌడరు కూడా కంపెనీవాళ్లే వేస్తున్నారే" అని ఆడవాళ్లు నవ్వుకునేవారు. ఆ పొడిని లాగే ఫ్యాను ఆగిపోయి ఎనిమిది నెలలయింది. స్నానాల గది నిండా ఖాళీ పెట్టెలు పేర్చి తాళం వేశారు. తనిఖీకి పైవాళ్లు వచ్చే రోజున మాత్రం పెట్టెలు బయటికి పోయేవి, కొత్త సబ్బులు లోపలికి వచ్చేవి. వాళ్లు వెళ్లగానే సబ్బులు తిరిగి బీరువాలోకి చేరేవి.

నెలకొక ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పుకుంటారు. ప్రతిసారీ స్తోత్రమ్మ లేచి, "ప్రభువు నాకీ ఉద్యోగం ఇచ్చాడు, నా బిడ్డ ఆకలి తీర్చాడు" అని చెప్పేది. పెద్దన్నయ్య ముందు వరసలో కూర్చుని తల ఊపేవాడు. ఆ మధ్య ఆయన పళ్లెం పట్టుకుంటే గిన్నెలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి. వయసు మీదపడిందనుకున్నారు అందరూ.

ఆ ఏడు చిట్టికి కడుపునొప్పి మొదలయింది. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ముఖం పాలిపోయింది. మాటకు ముందు కోపం వచ్చేది. ఒకరోజు తండ్రి, పాప పలక చేత్తో పట్టుకుని భార్య దగ్గరికి వచ్చాడు.

"పోయినేడు తన బడిపేరు నాలుగక్షరాలూ ఇదే రాసుకునేది. ఇప్పుడు రెండక్షరాలు రాసి ఆగిపోతోంది. తర్వాతేంటి నాన్నా అని నన్నడుగుతోంది."

"బడిలో చెప్పట్లేదేమో."

"వచ్చిన అక్షరాలు పోవడమేంటి? బడి ఏం చేస్తుంది దానికి?"

మందుల షాపులో ఇచ్చిన నులిపురుగుల మందు పని చెయ్యలేదు. చర్చిలో ఒకావిడ ఉపవాసం ఉండమన్నది. ఇంకొకావిడ గొంతు తగ్గించి, "ఒప్పుకోని పాపం ఏదైనా ఇంట్లో ఉందేమో చూసుకో వదినా" అన్నది. స్తోత్రమ్మ మూడు రోజులు పస్తుండి, ఆ పస్తులతోనే పనికి వెళ్లింది. సాయంత్రం రాగానే బట్టలు మార్చుకునే ఓపిక లేక, పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని తల నిమురుతూ ప్రార్థన చేసేది. బిడ్డ ఎంత నీరసపడితే అంత ఎక్కువసేపు ఒళ్లో పెట్టుకునేది.

ఒక మంగళవారం పొద్దున బడికి సిద్ధమవుతూ చిట్టి చేతిలోని చెంచా జారవిడిచింది. తండ్రి వంగి తీసి ఇచ్చేలోగా కళ్లు పైకి తేలేసి, ఒళ్లంతా కొట్టుకోసాగింది.

ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ తక్కువ మాట్లాడే మనిషి. మూర్ఛ ఆగాక పాప చిగుళ్లు చూసింది. రక్తం తీయించింది. ఆ తర్వాత, కబురు అంది ఫ్యాక్టరీ నుంచి అలాగే పరుగెత్తుకొచ్చిన తల్లి గోళ్లవైపు చూసింది.

"ఏం పని చేస్తారమ్మా మీరు?"

చెప్పింది.

"పని నుంచి ఏ బట్టలతో ఇంటికొస్తారు?"

"ఒంటిమీద ఉన్నవాటితోనే డాక్టరమ్మా."

"స్నానం చేసి వస్తారా?"

"ఇంటికెళ్లి వంటయ్యాక చేస్తాను."

"రాగానే పాపను ఎత్తుకుంటారా?"

తల్లి తన చేతులవైపు చూసుకుంది. ఇక చెప్పనక్కర్లేదన్నట్టు డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది.

రక్తపరీక్ష ఫలితం మర్నాడు వచ్చింది. చిట్టి ఒంట్లో సీసం చేరింది. పెద్దవాళ్లను మెల్లగా తినే ఆ విషం పిల్లల మెదడును తొందరగా పట్టుకుంటుందని డాక్టరమ్మ వివరించింది. దాన్ని బయటికి లాగే మందు సూదుల ద్వారా ఎక్కిస్తామన్నది. పోయిన అక్షరాలన్నీ తిరిగి వస్తాయా అని తండ్రి అడిగితే, "చెప్పలేను" అన్నది.

నర్సు స్తోత్రమ్మను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి మోచేతుల దాకా కడుక్కోమన్నది, వేరే బట్టలిచ్చింది. ఒళ్లూ తలా శుభ్రమయ్యేదాకా పాపను ముట్టుకోవద్దన్నది. స్తోత్రమ్మ కడుక్కుంటూనే ఉంది. తెల్లటి తొట్టిలో నీళ్లు బూడిదరంగుగా తిరిగి తిరిగి కిందికి పోతున్నాయి.

వరండాలో భర్త బల్లమీద కూర్చుని ఉన్నాడు. ఆమె వైపు చూడలేదు.

"ఆ ఉద్యోగం దేవుడిచ్చాడన్నావు. రెండేళ్లపాటు, మైకు పట్టుకుని మరీ. ఇప్పుడు చెప్పు, ఎవరిచ్చారది?"

అతని గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే ఆ ప్రశ్న ఆమెను నిలువునా కోసింది. ఆ రోజు నుంచి ఆమె నోట స్తోత్రం రాలేదు. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే తన మెడ వంపులో పాప ముక్కు రుద్దడం కనబడేది. వెంటనే కళ్లు తెరిచేసేది. రెండు ఆదివారాలు చర్చి గంట ఆసుపత్రి దాకా వినిపించింది. ఆమె లేవలేదు.

ఆరో సూది వేసిన మధ్యాహ్నం చిట్టి ఏడ్చి ఏడ్చి అలసిపోయి అడిగింది.

"అమ్మా, యేసయ్యకు కూడా సూదులు గుచ్చారా?"

"మేకులు కొట్టారు తల్లీ."

"ఏడ్చాడా?"

"గట్టిగా కేకేశాడు. వాళ్ల నాన్నను పిలిచాడు."

"వచ్చాడా వాళ్ల నాన్న?"

ఆదివారం బడిలో పిల్లలకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యలేదు.

"అప్పుడు రాలేదు."

"మరి?"

"మూడో రోజు వచ్చాడు."

పాప ఆ మాటతో సరిపెట్టుకుని నిద్రపోయింది. తల్లి అలాగే కూర్చుండిపోయింది. మొదటిరోజుకూ మూడో రోజుకూ మధ్య యేసయ్య తల్లి ఏం చేసిందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ కూడా బిడ్డకు అంత దగ్గరగా నిలబడి, చెయ్యి చాచి ముట్టుకోలేకపోయింది. సిలువ వేసిన ఆ శుక్రవారం ఆవిడను ఎవరూ సాక్ష్యం చెప్పమని అడిగి ఉండరు. అడిగినా చెప్పడానికి ఏముంది? దేవుడు లేనట్టే ఉన్న రోజది. ఆయన కొడుకు ఉన్నది మాత్రం అక్కడే, ఆ మేకుల మీదే.

స్తోత్రమ్మ చాలా రోజుల తర్వాత కళ్లు మూసుకుంది. "ప్రభువా, నాకు నీ మీద కోపంగా ఉంది. అయినా నువ్వు వెళ్లిపోకు" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆమె జీవితంలో అంత చిన్న ప్రార్థన, అంత నిజమైన ప్రార్థన అంతకుముందు లేదు.

మర్నాడు పెద్దన్నయ్య పళ్లసంచితో వచ్చాడు. సంచిలో పళ్ల కింద ఒక కాగితం ఉంది. పాప వీధిలో పారేసిన పాత బ్యాటరీతో ఆడుకోవడం వల్ల ఇలా జరిగిందని అందులో రాసి ఉంది.

"సంతకం చెయ్యమ్మా. ఆసుపత్రి ఖర్చు కంపెనీ చూసుకుంటుంది, నీ ఉద్యోగం నీకుంటుంది. దేవుడు దారి తెరిచాడనుకో."

ఆమె కాగితం చదివింది. పెద్దన్నయ్య జేబులోంచి కలం తీసి ఇవ్వబోయాడు. కలం జారి నేలమీద పడింది. తీయడానికి వంగినప్పుడు ఆయన కుడి మణికట్టు వాలిపోయి, వేళ్లు పైకి లేవనని మొరాయించాయి.

"మీ చెయ్యి ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది అన్నయ్యా?"

"నరాల బలహీనతమ్మా. వయసు."

"నా కంటే ఇరవయ్యేళ్లు ఎక్కువ ఉన్నారు మీరు ఆ పొడిలో. మీ మనవడు రోజూ మీ ఒళ్లోనే కదా కూర్చునేది?"

పెద్దన్నయ్య ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, మంచంమీద నిద్రపోతున్న పాప వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పళ్లసంచి అక్కడే మరిచిపోయి వెళ్లిపోయాడు.

సంతకం చెయ్యనందుకు ఆ వారంలోనే ఫ్యాక్టరీ గేటు దగ్గరి పనివాళ్ల జాబితాలోంచి ఆమె పేరు పోయింది. పక్కనే కూర్చుని పలకలు పేర్చిన ఆడవాళ్లు వీధిలో ఎదురైతే పక్కకు తిరిగారు. "నీ నోటివల్ల ఫ్యాక్టరీ మూతపడితే మా పొయ్యిలో ఎవరు అగ్గి పెడతారు?" అని ఒకామె ముఖంమీదే అడిగింది. భర్తకు రావలసిన బడి యూనిఫారాల బేరం ఇంకొకరికి పోయింది. రోజూ సాయంత్రం ఒక జీపు వీధి మలుపులో వచ్చి ఆగేది. ఇంజను ఆపకుండా కాసేపు ఉండి వెళ్లిపోయేది. లోపల ఎవరున్నదీ కనిపించేది కాదు.

చిట్టి ఇంటికి వచ్చాక పాస్టరుగారు చూడడానికి వచ్చారు. చర్చి కొత్త పైకప్పు ఫ్యాక్టరీవాళ్లు వేయించిందే. ఆయన టీ సగం తాగి కప్పు పక్కన పెట్టారు.

"ఆదివారం సాక్ష్యం చెబుతావని విన్నానమ్మా. చెప్పు, తప్పకుండా చెప్పు. ఫ్యాక్టరీ ఊసు మాత్రం ఎత్తకు."

"మరేం చెప్పనయ్యగారూ? పాలు పొంగినా గిన్నె మాడలేదని చెప్పనా?"

కుట్టుమిషను దగ్గర్నుంచి భర్త అందుకున్నాడు. "దాన్ని మాట్లాడనివ్వండయ్యగారూ. ఆదివారం నేనూ వస్తున్నా."

ఆ ఆదివారం స్తోత్రమ్మ కూర్చున్న బల్లమీద భర్త, పాప తప్ప ఎవరూ కూర్చోలేదు. ఆమె లేచి నిలబడి చుట్టూ చూసింది. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు పదకొండుమంది ఉన్నారు. ఏడుగురి ఒళ్లో పిల్లలున్నారు. ఒక పసివాడు తల్లి బొటనవేలు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు.

"రెండేళ్లు ఇక్కడే నిలబడి ఈ ఉద్యోగం ప్రభువిచ్చాడని చెప్పాను," అన్నది ఆమె. "పనిచేసే చేతులు ఆయనిచ్చాడు. ఆ చేతులకంటిన విషం ఆయనివ్వలేదు. ఫ్యాను బాగుచేయించనివాళ్లిచ్చారు, స్నానాల గదికి తాళం వేసినవాళ్లిచ్చారు. నోరు మూసుకుని ఇంటికి మోసుకొచ్చింది నేను. ఆ రెండూ కలిపేసి స్తోత్రం చెప్పాను, అది నా తప్పు. నన్ను తిట్టుకోండి, నాతో మాట్లాడకండి. రేపు పొద్దున మాత్రం మీ పిల్లల్ని ఆసుపత్రికి తీసుకురండి. డాక్టరమ్మతో మాట్లాడాను. రక్తం చూస్తామన్నారు."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు పాట నంబరు చెప్పడం కూడా మరిచి నేల చూస్తూ నిలబడ్డారు. పసివాడి తల్లి మాత్రం వాడి నోట్లోంచి తన వేలిని మెల్లగా లాగేసుకుంది.

సోమవారం ఎనిమిదింటికి ఆసుపత్రి తలుపు తీసేసరికి మెట్లమీద పెద్దన్నయ్య ఒక్కడే ఉన్నాడు, పక్కన మనవడితో. తొమ్మిదింటికి మరో నలుగురు తల్లులు వచ్చారు. పది దాటాక పాస్టరుగారు ఇంకో ముగ్గురు తల్లుల్ని వెంటబెట్టుకుని వచ్చి, తానూ వరసలో నిలబడ్డారు. ఎదురుగా రోడ్డుమీద జీపు ఆగి ఉంది. వరసలో ఎవరెవరున్నారో లోపలి మనిషి రాసుకుంటున్నాడు. అది అందరూ చూశారు. ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తక్కినవాళ్లు కదల్లేదు.

ఏడుగురు పిల్లలకు రక్తం తీస్తే అయిదుగురి ఒంట్లో సీసం ఉందని తేలింది. పెద్దన్నయ్య మనవడిలో అందరికంటే ఎక్కువ ఉంది. ఆ కబురు విని ఆయన వరండాలో కూలబడ్డాడు. అక్కడే కూర్చుని, వాలిపోయిన చేత్తో వంకరటింకర అక్షరాల్లో, ఆగిన ఫ్యాను గురించీ తాళం వేసిన గది గురించీ డాక్టరమ్మ ఇచ్చిన కాగితం మీద రాసి సంతకం చేశాడు. దానిమీద విచారణ ఎప్పుడు జరుగుతుందో ఇంకా తెలియదు. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. చిట్టికి కడుపునొప్పి తగ్గింది గాని తన పేరులో చివరి అక్షరం ఇంకా గుర్తురాలేదు.

పొయ్యిలో అగ్గి ఎవరు పెడతారని ఒకనాడు అడిగిన ఆమే, బిడ్డకు మొదటి సూది వేయించి వచ్చి, వరండాలో స్తోత్రమ్మ పక్కన కూర్చుంది.

"నీ పాప మునుపటిలా అవుతుందా వదినా?"

"తెలీదు."

"ఉద్యోగం పోయె, పిల్ల ఇలా అయ్యె. ఇంకా ప్రార్థన ఎలా చెయ్యగలుగుతున్నావు?"

లోపల సూదికి భయపడి పిల్లలెవరో ఏడుస్తున్నారు. స్తోత్రమ్మ ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా అన్నది.

"అన్నీ ఇచ్చినప్పుడు ఆయన్ను ప్రేమిస్తున్నాననుకున్నాను వదినా, ఆయనిచ్చినవాటినే ప్రేమించాను. అవన్నీ పోయాక, ఇంత బాధలోనూ నన్ను విడిచిపెట్టనివాడు ఆయనొక్కడే మిగిలాడు. అందుకే ఇప్పుడు ఆయన కోసమే ఆయన్ను పట్టుకున్నాను, ఈ చెయ్యి ఇంక వదలను."