స్వల్ప గాయాలు

కారు నడిపేటప్పుడు నేను స్టీరింగును కావలించుకుని కూర్చునేవాణ్ణి. పొట్టివాణ్ణి కదా, సీటు బాగా ముందుకు జరిపితేగాని కాళ్లు అందవు. "గుమ్మడికాయ ఎత్తుకున్నట్టు ఆ పట్టేమిటండీ? కాస్త వెనక్కి జరగండి" అని మా ఆవిడ పోరుతూనే ఉండేది. నేను రేడియోలో వార్తలు చదువుతాను. నా గొంతులోంచి వచ్చిన మాటేదైనా నిజమని నమ్మేస్తాను. "నాకు డ్రైవింగు తెలుసు" అనేవాణ్ణి.

ఆ ఉదయం రేడియో కేంద్రం ముందు ఒక బ్రెడ్డు వ్యాను వెనక ఆగబోయాను. కళ్లేమో అద్దంలో నా క్రాపు మీద ఉన్నాయి. రేడియోలో క్రాపు ఎవరికి కనిపిస్తుందని అడక్కండి. బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కాను. కారు వెళ్లి వ్యానుకు తగిలింది. మరుక్షణం స్టీరింగు నడుమ నుంచి ఫెడేల్మని ఏదో పేలి నా ముఖాన్ని తన్నింది.

ఎయిర్‌బ్యాగ్ అంటే దిండులాంటిదనీ, మెత్తగా పట్టుకుంటుందనీ అనుకునేవాణ్ణి. దిండు కాదు, గాడిద తన్ను. ముక్కులోంచి రక్తం, చెవుల్లో హోరు, మణికట్టు మీద చుర్రుమని మంట. కారు నిండా తెల్లటి పొడి. దాన్ని పొగ అనుకుని "బంట! బంట!" అని అరుస్తూ రోడ్డు మీదికి దూకాను. పగిలిన ముక్కుతో 'మంట' పలకలేమని అప్పుడే తెలిసింది.

వ్యాను డ్రైవరు దిగి తన బంపరు తడిమి చూసుకున్నాడు. వేలెడు గీత. తర్వాత నన్ను చూసి జడుసుకున్నాడు.

"మా బండికేం కాలేదు సార్. మిమ్మల్నెవరు కొట్టారు?"

"దా కారే" అన్నాను.

అతనే నన్ను బ్రెడ్ల పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ ముక్కు ఎముక సరిచేసి, దూది కుక్కి, కాలిన మణికట్టుకు కట్టు కట్టింది. "స్టీరింగుకు ఎంత దూరంలో కూర్చుంటారు?" అని అడిగింది.

బెత్తెడు చూపించాను.

"జానెడు కన్నా ఎక్కువే ఉండాలండీ. అది రెప్పపాటులో విచ్చుకుంటుంది. దూరంగా ఉంటే కాపాడుతుంది. మీరు వెళ్లి దాని నోట్లోనే తల పెట్టారు."

మా ఆవిడ వచ్చేసరికి నా రెండు కళ్లూ వంకాయల్లా వాచి ఉన్నాయి. నర్సు నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది.

"నేను కాదమ్మా" అంది మా ఆవిడ. "నాది ఎడమచేతి వాటం. నేను కొడితే ఈయనకు కుడి కన్నొక్కటే వాచేది." నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం పక్క మంచం మీది ముసలాయన రేడియో పెట్టాడు. నా బదులు మా జూనియరు చదువుతున్నాడు: "రేడియో కేంద్రం ఎదుట ఈ ఉదయం రెండు వాహనాలు ఢీకొన్నాయి. కారు నడుపుతున్న వ్యక్తి స్వల్ప గాయాలతో బయటపడ్డాడు."

"స్వల్పబా!" అని లేచి కూర్చున్నాను. ముక్కులో నొప్పి జివ్వుమని నెత్తికెక్కింది.

మా ఆవిడ చెంచాతో నా నోట్లో నీళ్లు పోస్తూ, "మీరు ఇలాంటి వార్త చదివినప్పుడు ఆ దెబ్బలు తిన్నవాళ్లిళ్లల్లో కూడా ఇలాగే అనుకుని ఉంటారు" అంది.

ఎంతమంది ముక్కుల్నీ మోకాళ్లనూ ఆ ఒక్క ముక్కలో చుట్టేసి, నేను హాయిగా వాతావరణ విశేషాల్లోకి వెళ్లిపోయానో!

మెకానిక్ కారుకు కొత్త ఎయిర్‌బ్యాగ్ వేసి, సీటు వెనక్కి జరిపి, కాళ్లు అందేలా పెడళ్లకు ఎత్తు బిళ్లలు బిగించాడు. అయినా రోజూ తాళం పెట్టి, తిప్పకుండానే తీసేసి ఇంట్లోకి వచ్చేసేవాణ్ణి. చివరికి ఒక సాయంత్రం మా ఆవిడ పక్కన కూర్చుని, "పదండి, నేనున్నాగా" అంది.

కదిలాను. నత్త నడక. వెనక హారన్లు మోగిపోతున్నాయి.

"మోగనివ్వండి. మీ దారిన మీరు పోండి" అంది.

సైకిలు మీద ఒక పెద్దాయన మమ్మల్ని దాటుకుని పోతూ, పాపం అనుకున్నాడో ఏమో, చెయ్యి ఊపాడు. స్టీరింగు వదలడానికి భయమేసి తల ఊపాను.