తువ్వాల వేసిన జాగా

ఐలేశం తడిగుడ్డ పిండి, గేముల గది మూలను మళ్లీ తుడిచాడు. అక్కడ చెరగకుండా వదిలిన సుద్దముక్క గీతలు తప్ప ఏమీ లేవు. పిన్‌బాల్ మిషను రావలసిన చోటు అది. గాజు కింద వాలుబల్ల, దాని మీద ఇనుప గోళీ, గోళీని పైకి తన్నే రెండు రెక్కలు. ఐలేశం ఫోటోలో మాత్రమే చూశాడు.

నకిరేకల్ దాటాక హైవే పక్కన ఉన్న ఆ హోటలు యజమాని శ్రీశైలం. గదిలోని కారు గేములు పాడయ్యాక, హైదరాబాదులో కొత్తగా పెట్టిన ఒక కంపెనీకి ఈ మిషను చేయమని చెప్పాడు. ఆ కంపెనీ చేస్తున్న మొదటి మిషను ఇదే. ఎండాకాలానికి ఇస్తామన్నారు. బతుకమ్మ పండుగ కూడా అయిపోయింది. ఈ రోజు ఏదో ఒకటి తేలకపోతే ఆ మూలలో చికెన్ రోల్స్ కౌంటర్ పెడతానని శ్రీశైలం చెప్పేశాడు. అప్పుడు గదికి కాపలా ఉండే ఐలేశం అక్కరలేదు.

ఐలేశానికి ఆ కంపెనీ మీద మొదటినుంచీ నమ్మకం లేదు. గొర్లు కాసిన రోజుల్లో ఒక దళారి ఒక మందను చూపించి, మరో మందను లారీలోంచి దించిపోయాడు. అన్నీ దగ్గు పట్టినవే. వానాకాలం దాటలేదు. అప్పటినుంచి ఐలేశం, భార్య గుర్వమ్మ పోసిన చాయ్ కూడా వాసన చూసే తాగుతాడు.

ఫోను కలిపాడు. అవతల నిహారిక, కంపెనీ నడిపే పిల్ల.

"ఇంకో వారం కాకా."

"నీ వారం ఎన్నటికి అయితది బిడ్డా? అసలు మిషనున్నదా, ఉత్త ఫోటోనేనా?"

"వీడియో పంపిన గద."

"వీడియోల మా మనుమడు పులి మీద ఎక్కి తిరుగుతడు. చప్పుడు ఇనిపియ్యి."

ఆమె ఫోనును గాజు మీద పెట్టింది. గోళీ దొర్లింది. గంట మోగింది, మళ్లీ మోగింది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఇరికింది కాకా. ఎడమ దిక్కు సందుల. దినాం గిట్లనే ఇరుకుతాంది. గందుకే పంపుతలేను."

ఐలేశం ఫోనును రెండో చెవికి మార్చుకున్నాడు. అంగట్లో కుంటి గొర్రెను కుంటిదని చెప్పి అమ్మినవాడిని ఆయన ఒక్కడినే చూశాడు. ఆ గొర్రెనే కొన్నాడు. మందలో చివరిదాకా మిగిలింది అదే.

"మంచిగ చేసినంకనే పంపు. జాగ నేను చూస్త."

గల్లా దగ్గర శ్రీశైలం నవ్వాడు. "నువ్వేనా మామా గీ మాట అనేది? నిన్నటిదాంక దొంగలన్నవ్. ఖాళీ జాగను ఎన్నాళ్లు ఆపాలె?"

ఐలేశం గదిలోకి వెళ్లి, భుజం మీది తువ్వాల తీసి సుద్దగీతల నడుమ పరిచాడు, బస్సు కిటికీలోంచి సీటుకు వేసినట్టు.

"దస్తీ ఏసిన సీట్ల ఎవలన్న కూసుంటరా?"

"కూసుంటే?"

"లొల్లయితది."

మధ్యాహ్నం బువ్వ తిని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తిన్న వెంటనే గిన్నె కడిగే మనిషి, ఆ రోజు కడగలేదు. వంటింట్లోంచి చాయ్ తెచ్చిన నాగరాణి పిలిచింది. పలకలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టినా వాసన చూడలేదు.

ఐలేశం దినాలయ్యాక రోల్స్ కౌంటర్ తెచ్చినవాళ్లు ఎక్కడ దించాలని అడిగారు. శ్రీశైలం గదిలోకి తొంగిచూసి, బయట వరండా చూపించాడు. మూలను తుడిచేవాళ్లు లేక సుద్దగీతల మీద దుమ్ము పేరుకుంది. వాటి నడుమ తువ్వాల పరిచినట్టే ఉంది, ఒక కొస మడతపడి.