మోగని పువ్వు

మోగదు, మోగదని తను ముందే అన్నాడు, చెక్కకీ కరెంటుకీ పొత్తేమిటి, భార్యకి అన్నం తినిపించి కొట్లోకి వచ్చి ఇంతసేపైంది, గోడకున్న ఆ బజర్ కిక్కురుమంటే ఒట్టు, నిన్న మోగింది, ఇవాళ చచ్చింది, అంతే దాని ఆయుష్షు, అతను దాని వంక చూసి తృప్తిగా నవ్వుకున్నాడు, రేడియోలు బాగుచేసే మరదలు ఎంత హడావిడి చేసింది, అక్కకి మాట పడిపోయింది గాని వేలు కదులుతోంది కదా బావా, మంచం పక్క నీ బల్ల మీద ఇత్తడి పువ్వుంది, పక్కన ఆకుంది, వేలు రెంటినీ కలిపి తాకిందా నీ చెవిలో మోగుతుంది అని, తను తీగ తీగా చెక్కలో పొదిగి పూయించిన పువ్వుకి అడుగున వైర్లు తగిలించి, నీ పనికి ప్రాణం పోశాను చూడు అని వెక్కిరింపొకటి, అంటే ఇన్నాళ్లూ అది శవమా, పైగా పువ్వు మీద వార్నిష్ వెయ్యొద్దట, వేస్తే వేలు తగలదట, వెయ్యకపోతే నల్లబడదూ అంటే, నల్లబడనీ, నీ మొహం కంటేనా అంది, దాని నోటికి హద్దా పద్దా, అది అటు వెళ్లగానే తను ఇటు డబ్బా మూత తీశాడు, పూత లేకుండా ఒక్క వస్తువుని గడప దాటించిన చెయ్యి కాదిది, ఉల్లిపొరంత పూతకే ఆగిపోతే అదేం కరెంటు, తెల్లారేసరికి పువ్వు అద్దంలా మెరిసింది, మెరవదూ మరి, ఇంతకీ స్కేలెక్కడ పెట్టాడు, ఆమె గదిలోనే వదిలేసినట్టున్నాడు.

గడపలోనే ఆగిపోయాడు, కర్టెన్ తొలగి ఎండ సూటిగా ఆమె మొహం మీద పడుతోంది, చెమటకి జుట్టు చెంపలకి అంటుకుపోయింది, కళ్లు మూతలు పడుతున్నాయి, చెయ్యి మాత్రం బల్ల మీద ఉంది, వేలు పువ్వు మీద నొక్కుతోంది, జారుతోంది, తడుముకుంటూ మళ్లీ ఆకు దగ్గరికి వచ్చి నొక్కుతోంది, ఎప్పట్నించి నొక్కుతున్నావే, అన్నాడు, చెప్పే నోరే ఉంటే ఈ పువ్వెందుకు, తన మెరుపు నిండా చెమట వేలిముద్రలు ఒకదాని మీదొకటి, కర్టెన్ లాగాడు, గరుకు కాగితం తెచ్చి రుద్దాడు, ఇత్తడి బయటపడింది, ఆమె వేలు పట్టి రెంటికీ ఆనించాడు, కొట్లోంచి కీచుమని మోత, ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు, అతన్ని అలా చూస్తూ ఉండిపోయింది, మరదలికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, తడి తగిలిందనో, వైరు ఊడిందనో, ఈ చూపుకి ఏం చెప్పాలి, ఆమె పిలుస్తూనే ఉంది, పిలుపు వినబడనందుకు తను అక్కడ కూర్చుని సంతోషించాడు.